మస్టాంగ్ జీటీ సౌండ్ పెంచాలంటే మఫ్లర్లు తీసేయించొచ్చా?

మీరు అడిగింది ఇది: 2019 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, ఆఫీసు డాలస్ డౌన్‌టౌన్‌లో. కంపెనీ సౌండ్ చప్పగా ఉంది, మఫ్లర్లు, అంటే సైలెన్సర్లు, కోయించేస్తే తక్కువ ఖర్చులో పని అయిపోతుందని ఫ్రెండ్ చెప్పాడు, నిజమేనా అని.

కోయించకండి. నా 2016 జీటీకి సరిగ్గా అదే చేయించి ఐదు నెలలు అవస్థ పడ్డాను.

ఒక చిన్న షాపులో 180 డాలర్లు తీసుకుని, గంటలోపే రెండు మఫ్లర్లూ కోసేసి వాటి స్థానంలో ఉత్త గొట్టాలు వెల్డింగ్ చేసి ఇచ్చారు. ఆ సాయంత్రం నా ఆనందం చెప్పలేను. గుంటూరులో మా బాబాయి బుల్లెట్ వీధి మలుపు తిరగ్గానే ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. చిన్నప్పుడు ఆ చప్పుడు కోసం గుమ్మంలో కూర్చునేవాణ్ణి. సౌండ్ మీద ఇష్టం నాకు అక్కడ మొదలైంది కాబట్టి మీ కోరిక నాకు బాగా అర్థమవుతుంది.

సోమవారం ఆఫీసుకి బయల్దేరాక అసలు సంగతి తెలిసింది. టోల్‌వే మీద 70 మైళ్ల వేగంలో, ఆరో గేర్‌లో నా కారు దాదాపు 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఉంటుంది. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి నాలుగు సిలిండర్లలో ఇంధనం మండుతుంది, అంటే సెకనుకి సుమారు 133 సార్లు. ఆ శ్రుతికి క్యాబిన్ మొత్తం తంబురాలా ప్రతిధ్వనిస్తుంది. దీన్నే డ్రోన్ అంటారు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చే గర్జన కాదది, ఒకే శ్రుతిలో చెవుల్లో గింగురుమంటూ ఉండే హోరు. నలభై నిమిషాల తర్వాత కారు దిగితే తలనొప్పి. అమ్మతో ఫోన్ మాట్లాడుతుంటే "అక్కడ వాన పడుతోందా నాన్నా?" అని అడిగేది.

మీరు వీడియోల్లో వినే సౌండ్ అంతా కారు వెనక మైకు పెట్టి, 5,000 ఆర్‌పీఎం దాకా రేజ్ చేసి తీసింది. ఆ సౌండ్ మీరు రోజులో ఒక నిమిషం వింటారేమో. మిగతా టైమంతా 2,000 ఆర్‌పీఎం దగ్గరే గడుస్తుంది. అందుకే ఏ ఎగ్జాస్ట్ కిట్ కొనేముందైనా కారు లోపల, హైవే స్పీడులో, ఒకే వేగంతో నడుపుతూ రికార్డ్ చేసిన వీడియో వెతకండి. మీది పది గేర్ల ఆటోమేటిక్ అయితే హైవే మీద ఆర్‌పీఎం వేరుగా ఉంటుంది, ఆటోమేటిక్ కారు వీడియోనే చూడండి.

రెండో సమస్య పొద్దుటి స్టార్ట్. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు త్వరగా వేడెక్కాలని ఐడిల్ వేగం కాసేపు పైనే ఉంటుంది. కాలనీలో మన కారు అందరికీ బాగా వినిపించేది అప్పుడే. మా పక్కింటావిడ హాస్పిటల్లో నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారుజామున పడుకునే మనిషి. ఒకరోజు తలుపు తట్టి, కోపం లేకుండా, "నాకు నిద్ర పట్టడం లేదు" అని మాత్రం చెప్పి వెళ్లింది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. మర్నాటి నుంచి కారుని వీధి చివరి వరకూ ఎలా తీసుకెళ్లాలా అని టెన్షన్ పడేవాణ్ణి.

ఫోర్డ్ వాళ్లకీ ఇదే అనుభవం. వెహికల్ ఇంజినీరింగ్ అధిపతిగా పనిచేసిన స్టీవ్ వాన్ ఫోర్‌స్టర్ తన షెల్బీ జీటీ350 స్టార్ట్ చేస్తే పక్కింటివాళ్లు పోలీసుల్ని పిలిచారు. చప్పుడు తగ్గించి స్టార్ట్ చేసే క్వయెట్ స్టార్ట్ ఆలోచన అక్కణ్ణించే వచ్చింది. ఫోర్డ్ చెప్పిన లెక్క ప్రకారం స్టార్టింగ్ సౌండ్ 82 డెసిబెల్స్ నుంచి 72కి తగ్గుతుంది. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా మెల్లగా స్టార్ట్ కావాలో ముందే సెట్ చేసుకోవచ్చు.

ఈ సౌకర్యం 2018 నుంచి యాక్టివ్ ఎగ్జాస్ట్ (వాల్వులతో సౌండ్ పెంచి తగ్గించే ఎగ్జాస్ట్) ఆప్షన్‌తో వచ్చింది, కాబట్టి మీ 2019 కారులో ఇప్పటికే ఉండొచ్చు. స్టీరింగ్ మీద గుర్రం బొమ్మ ఉన్న బటన్ నొక్కి ఎగ్జాస్ట్ మోడ్స్ ఉన్నాయేమో చూడండి. క్వయెట్, నార్మల్, స్పోర్ట్, ట్రాక్ కనిపిస్తే ముందు ట్రాక్‌లో పెట్టి వారం రోజులు నడపండి. ఒక్క డాలరు కూడా ఖర్చు కాకపోవచ్చు. అయినా మార్చాలనిపిస్తే ఆ వాల్వ్ మోటార్లు అమర్చుకునే వీలున్న కిట్టే కొనండి.

యాక్టివ్ ఎగ్జాస్ట్ లేకపోతే యాక్సిల్‌బ్యాక్ కిట్ చాలు, అంటే వెనక మఫ్లర్లు, టిప్స్ (గొట్టాల చివర కనిపించే మూతులు) మాత్రమే. కారు మధ్యలో ఉండే రెజొనేటర్ డబ్బాని ముట్టుకోకండి, హోరుని చాలావరకు మింగేది అదే. మఫ్లర్లలో ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో చిల్లుల గొట్టం చుట్టూ ఫైబర్ దట్టించి ఉంటుంది, సౌండ్ నున్నగా, గంభీరంగా వస్తుంది. రెండోది లోపల గదులున్న ఛాంబర్డ్ రకం, పాత అమెరికన్ కార్లలా గరగరమంటుంది. ఫ్లోమాస్టర్ కంపెనీ పేరు తెచ్చుకుంది ఈ రెండో రకంతోనే. బోర్లా కంపెనీ కిట్లలో టూరింగ్, ఎస్-టైప్, అటాక్ అని సౌండ్ పెరిగే వరుసలో మూడు స్థాయిలున్నాయి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి అటాక్ నేనైతే పెట్టను. కొన్ని కిట్లలో ఒక చివర మూసేసిన పక్క గొట్టం కనిపిస్తుంది. అందులోకి వెళ్లిన ధ్వని తరంగం తిరిగొచ్చి, ఎదురొచ్చే తరంగాన్ని రద్దు చేసేలా దాని పొడవు లెక్కగడతారు. నాకు ఆ ఆలోచన ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది.

హార్స్‌పవర్ కోసం మాత్రం ఇది చేయొద్దు. మీ ఇంజిన్ ఇప్పటికే 460 ఇస్తోంది, యాక్సిల్‌బ్యాక్‌తో మీకు తెలిసేంత తేడా ఏమీ రాదు.

క్యాటలిటిక్ కన్వర్టర్లు తీసేస్తామని ఎవరైనా అంటే అక్కణ్ణించి వచ్చేయండి. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. పైగా టెక్సస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ అలాగే ఉంది. కన్వర్టర్లు లేక చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఫెయిల్. ఇక శబ్దం విషయంలో కాలిఫోర్నియాలో కార్లకి 95 డెసిబెల్స్ అని అంకె ఉంది, టెక్సస్ రాష్ట్ర చట్టంలో అలాంటి అంకె లేదు. మఫ్లర్ ఉండాలి, అది సరిగ్గా పనిచేయాలి, అసాధారణమైన శబ్దం రాకూడదు అంటుంది అంతే. మఫ్లర్లే లేని కారుతో పోలీసు ఆపితే మన దగ్గర చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

బిగించేటప్పుడు కంపెనీ గొట్టాన్ని కోయాల్సి వస్తుంది. కోసిన మఫ్లర్లు తప్పకుండా అడిగి తెచ్చుకుని గరాజ్‌లో దాచండి. నా మఫ్లర్లని షాపువాళ్లు పారేశారు, నాకు అడగాలని తోచలేదు, దాంతో వెనక్కి వెళ్లే దారే లేకపోయింది. వెల్డింగ్ కాకుండా క్లాంపులతో బిగించమనండి. మొదటి రోజు కాస్త పొగ, వాసన వస్తే కంగారు పడకండి. ఓ యాభై మైళ్లు తిరిగాక, పూర్తిగా చల్లారనిచ్చి క్లాంపులు మళ్లీ బిగించండి.

చివరికి నేను రెజొనేటర్ అలాగే ఉంచి ఎస్-టైప్ యాక్సిల్‌బ్యాక్ వేయించుకున్నాను. తొక్కితే గర్జిస్తుంది, హైవే మీద అమ్మతో మామూలుగా మాట్లాడుకోవచ్చు. పక్కింటావిడని అడిగితే ఇప్పుడు పర్వాలేదంది. నేను ప్లేనోలో ఉంటాను. కొనేముందు ఒక శనివారం ఇటు రండి, నా కారులో టోల్‌వే మీద 70లో ఇరవై నిమిషాలు కూర్చుని మీ చెవులతో విని నిర్ణయించుకోండి.