ముందు కోడిగుడ్డు, తర్వాతే రంగులు

ప్రశ్న: ఏడాదిగా వీడియోలు చూసి వాటర్ కలర్స్ నేర్చుకుంటున్నాను. కూరగాయలు, పూలు వేస్తే ఆకారం బాగానే వస్తోంది కానీ కాగితానికి అతికించినట్టు ఉంటున్నాయి. ఇంకాస్త ఖరీదైన రంగులు కొందామనుకుంటుంటే, తెలిసిన డ్రాయింగ్ మాస్టారు ఆరు నెలలు రంగులు ముట్టుకోవద్దు, పెన్సిల్‌తో నలుపు తెలుపులే వెయ్యి అన్నారు. అంత అవసరమా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆరు నెలలంటే నాకూ ఎక్కువే అనిపిస్తోంది, ఉన్న ఇష్టం కాస్తా పోతుంది. కానీ మాస్టారు జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు. మీ బొమ్మ ఒకటి ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఎర్ర టమాటా, పక్కనున్న పచ్చిమిరపకాయ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయా? తేడా అక్కడుంది. ఎరుపు, ఆకుపచ్చ ఎంత వేరుగా కనిపించినా వెలుగు లెక్కలో రెండూ ఒకటే కావచ్చు, టమాటా గుండ్రంగా ఉందని కంటికి చెప్పేది ముఖ్యంగా వెలుగునీడలే.

హెచ్‌బీ పెన్సిల్ ఒక్కదానితోనే లాగించకండి, ఎంత నొక్కినా కాగితం మెరుస్తుందే తప్ప నల్లబడదు. 2బీ, 6బీ తెచ్చుకోండి, చాలు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ ముల్లులో మట్టి తగ్గి గ్రాఫైట్ పెరుగుతుంది, అందుకే మెత్తగా, నల్లగా పడుతుంది.

ఇప్పుడు తెల్ల కోడిగుడ్డు ఒకటి తెల్ల కాగితం మీద పెట్టి (ఉడికించిందైతే దొర్లి పడ్డా భయం లేదు), ట్యూబ్‌లైట్ ఆపేసి, ఒక పక్క నుంచే టేబుల్ లైట్ వేయండి. కళ్లు సగం మూసి చూస్తే నాలుగైదు ఛాయలే మిగులుతాయి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే, అంచుకు పోయేకొద్దీ నలుపే కదా అని అంచంతా దట్టించేస్తారు. గుడ్డు మీద ముదురు నీడ అంచుకు కాస్త లోపలే ఆగిపోతుంది, కింది అంచు దగ్గర కాగితం మీంచి తిరిగొచ్చిన వెలుతురు పడి మళ్లీ కొంచెం లేతబడుతుంది. అన్నిటికన్నా నలుపు, గుడ్డు కాగితానికి ఆనిన చోట సన్నగా ఉంటుంది. ఇవి మూడూ పట్టుకుంటే గుడ్డు కాగితం మీంచి లేచి కూర్చుంటుంది.

నున్నగా రావాలని వేలితో మాత్రం రుద్దకండి, చేతి జిడ్డు అంటి మరకలు పడతాయి. నేను చాలా ఏళ్లు రుద్దాను, ఆ షీట్లు ఇప్పుడు చూస్తే మసిగుడ్డల్లా ఉన్నాయి.

నలుపు తెలుపులంటే పిల్లల మెట్టు అనుకుంటున్నారేమో, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ నలుపు తెలుపు ఎచింగులు (లోహపు రేకు మీద గీసి, యాసిడ్‌తో ఆ గీతలు చెక్కించి, కాగితం మీద అచ్చు తీసే బొమ్మలు) ఒకసారి చూడండి. రంగు లేదన్న సంగతే గుర్తుకు రాదు.

రోజూ ఇరవై నిమిషాలు, ఒక నెల. ఆదివారం మీ వాటర్ కలర్స్ మీరు వేసుకోండి, మాస్టారికి చెప్పకండి.

ప్రశ్న: ఫోన్‌లో ఫొటో చూసి షేడింగ్ ప్రాక్టీస్ చేయొచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మొదట్లో వద్దు. ఫొటోలో నీడలు చాలాసార్లు ఒకే నలుపు ముద్దగా పడతాయి, నీకు కావాల్సిందేమో ఆ నీడ లోపలి తేడాలు. ఎదురుగా ఉన్న మట్టికుండో, చెప్పుల జతో గీయి.