పాఠకుల ప్రశ్నలు: పోయిన వాకీటాకీ, మార్చని కీ

ప్రశ్న: మాది భద్రతా సిబ్బందిని సమకూర్చే చిన్న సంస్థ. చెరువుగట్టు జాతర కోసం 24 డిజిటల్ వాకీటాకీలకు ఎన్‌క్రిప్షన్ (మాటలు బయటివారికి అర్థం కాకుండా మార్చి పంపే ఏర్పాటు) పెట్టించాం. అన్నింటికీ ఒకటే కీ (మాటలను అలా మార్చడానికీ, తిరిగి విప్పడానికీ వాడే రహస్య సంఖ్య). రద్దీలో ఒక సెట్టు పోయింది. దొరికినవారికి కీ తెలియదు కదా, మా మాటలు వారికి అర్థమవుతాయా?
– ఒక పాఠకుడు, నార్కట్‌పల్లి

జవాబు: అర్థమవుతాయి. కీ ఏమిటో వారికి తెలియనవసరం లేదు. అది సెట్టు లోపలే ఉంది కనుక, బ్యాటరీలో చార్జింగు ఉండి మీ సిగ్నల్ అందినంతసేపు ఆ సెట్టే మీ మాటలను విప్పి వినిపిస్తుంది. పోయిన సెట్టును దూరం నుంచే పనిచేయకుండా చేసే ఆదేశం కొన్ని రకాలలో ఉంటుంది. మీ సెట్లలో ఉంటే వెంటనే పంపండి, అయితే అప్పటికి సెట్టు ఆపివేసి ఉన్నా, పరిధి దాటిపోయినా ఆ ఆదేశం చేరదు. అందువల్ల మిగిలిన 23 సెట్లలోనూ కొత్త కీ వేయడం తప్పనిసరి, అది కూడా మళ్లీ విధుల్లోకి దిగేలోపే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పని తేలికవుతుందని ఇప్పటి కీతో పాటు తరువాత వాడబోయే కీని కూడా ముందే అన్ని సెట్లలో నింపి ఉంచుతారు. అలాంటప్పుడు ఒక్క సెట్టు పోతే రెండు కీలూ పోయినట్టే. రెండవ కీ కూడా నింపి ఉంటే దాన్ని సైతం వదిలేసి, పూర్తిగా కొత్తది తయారుచేసుకోండి. ఫోన్ నంబరు, సంస్థ ప్రారంభించిన తేదీ వంటివి కీగా పెట్టవద్దు. దాన్ని వాట్సాప్‌లో పంపవద్దు. సెట్లలోకి ఎక్కించే ప్రోగ్రామింగ్ ఫైలులోనే కీ కూడా ఉండవచ్చు కనుక, ఆ ఫైలు మీ సెట్లకు కీ వేసిన దుకాణంలోని కంప్యూటరులో మిగిలిపోకుండా చూసుకోండి. తాళం మార్చి, తాళంచెవి నకలును దుకాణంలోనే వదిలి రాము కదా!

మీ సెట్లలో ఏ రకం ఎన్‌క్రిప్షన్ ఉందో కూడా అడిగి తెలుసుకోండి. కొన్నింటిలోని ప్రాథమిక రకంలో కీ అంటే 1 నుంచి 255 వరకు ఒక సంఖ్య మాత్రమే, ఓపిక ఉన్నవారు ఒక్కొక్కటిగా అన్నీ ప్రయత్నించి చూడగలరు. 40 బిట్ల కీకి, అంటే 40 స్థానాల్లో 0 లేదా 1 ఉండే కీకి, సుమారు 1.1 లక్షల కోట్ల అవకాశాలు ఉన్నా, నేటి కంప్యూటర్లకు అది పెద్ద సంఖ్య కాదు. నగదు తరలింపు వంటి విషయాలు మాట్లాడేవారు 256 బిట్ల ఏఈఎస్ (బలమైన ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) ఉన్న సెట్లనే తీసుకోవాలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా గోదాము సెట్లలో ‘ప్రైవసీ కోడ్’ ఉంది. బయటివారు వినలేరా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: వినగలరు. చాలా అనలాగ్ (డిజిటల్ కాని పాతరకం) సెట్లలో ఆ పేరుతో ఉండేది మాటలతో పాటు వెళ్లే, మన చెవికి వినిపించని ఒక మంద్ర స్వరం మాత్రమే. ఇతరుల మాటలు మీ స్పీకరులో వినిపించకుండా అది ఆపుతుంది తప్ప, మీ మాటలను దాచదు.

ప్రశ్న: ఎన్‌క్రిప్షన్ పనిచేస్తున్నదో లేదో మాట్లాడేవారికి ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చాలాసార్లు తెలియకపోవడమే అసలు చిక్కు. 2011లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, అక్కడి కేంద్ర ప్రభుత్వ దర్యాప్తు సంస్థల సిబ్బంది ఎన్‌క్రిప్షన్ ఉన్న రేడియోలు చేతిలో ఉండి కూడా గోప్యమైన సంగతులను తమకు తెలియకుండానే బహిరంగంగా మాట్లాడుతున్నారని గుర్తించారు. ఎన్‌క్రిప్షన్ మీట పొరపాటున జరిగితే అవతలివారు ఎన్‌క్రిప్షన్ లేకుండానే మాట్లాడుతుంటారు, ఇవతలివారికి మామూలుగానే వినిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కనుక ఎన్‌క్రిప్షన్ లేకుండా ప్రసారమే జరగని విధంగా ఆ ఛానెల్‌ను ప్రోగ్రామ్ చేయించండి. కీ వేయని ఒక సెట్టును దగ్గర ఉంచుకుని, ప్రతి షిఫ్టు మొదట్లో ఒక్కొక్కరి చేత మాట్లాడించి చూడండి. ఆ సెట్టులో ఎవరి మాట స్పష్టంగా వినబడితే వారి సెట్టును సరిచేసిన తరువాతే విధుల్లోకి పంపాలి.