ముందు ఆ ఫ్లెక్సీ దింపించండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా పాపకి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఏడో తరగతిలో స్కూల్ పీఈటీ సార్ చూసి వెయిట్ లిఫ్టింగ్‌లో పెట్టారు. స్టేట్‌లోనూ నేషనల్స్‌లోనూ మెడల్స్ తెచ్చింది. ఈ ఏడాది పాటియాలా క్యాంపులో కొన్ని నెలలుండి, ఇండియా తరఫున ఆసియా స్థాయి యూత్ పోటీలకి వెళ్లింది. స్నాచ్, అదే ఒక్క ఊపున తల మీదికి ఎత్తేది, బాగానే చేసింది. క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే ముందు భుజాల దాకా ఎత్తి తర్వాత తల మీదికి లేపేదాంట్లో, మూడుసార్లూ ఎత్తలేకపోయింది. వచ్చి రెండు నెలలు దాటింది. రాత్రి నిద్రపోదు, పగలు లేవదు. అన్నం కెలికి వదిలేస్తుంది. నెలసరి కూడా రాలేదు. వంటింట్లో స్టీలు ప్లేటు జారిపడినా ఉలిక్కిపడి ఏడుస్తుంది. సాయంత్రం తమ్ముడితో కాసేపు స్కిప్పింగ్ ఆడుతుంది, అంతే. వాళ్ల నాన్న ఒకరోజు కోపంలో ‘అంత దూరం పోయి ఉత్త చేతులతో వచ్చావు’ అన్నారు. అప్పటినుంచి ఆయనతో మాటల్లేవు. కోచ్ సార్ వెంటనే ప్రాక్టీస్‌కి పంపమంటున్నారు, గ్యాప్ వస్తే కష్టమంట. మా ఆయన ఆట మాన్పించి నెల్లూరు హాస్టల్లో వేసి ఎంసెట్ కోచింగ్ ఇప్పిద్దామంటున్నారు. మా అత్తగారు సెంటర్లో పెట్టిన ఫ్లెక్సీ వల్ల దిష్టి తగిలిందంటారు. ఏం చేయమంటారు మేడమ్?
— ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ఆటా చదువా అని అడిగారు. ఆ సంగతి ఈ నెలలో తేల్చొద్దు. జ్వరంతో పడుకున్న పిల్లని లేపి పెళ్లిచూపులకి కూర్చోబెట్టం కదా, ఇదీ అంతే.

అన్నిటికంటే ముందు పాప పక్కన కూర్చుని నేరుగా ఒక మాట అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది తల్లులు భయపడతారు. అలా పుట్టదు. లోపల ఉంటే, చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా తల దించుకున్నా, ఆ రోజు ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే అందకుండా తీసేయండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత ఫోన్ లైన్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పాప మాట్లాడకపోతే మీరే చేయండి.

లేదన్నా సరే, ఈ వారంలో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నిద్ర లేదు, తిండి లేదు, శబ్దానికి ఉలికిపాటు, ఇదంతా రెండు నెలలకు పైగా. ఇది అలక కాదు, పొగరూ కాదు. నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. అదే రోజు గైనకాలజీ డాక్టర్‌కీ చూపించండి, ఎందుకంటే మీరు మధ్యలో ఒక్క ముక్కగా రాసి వదిలేసిన నెలసరి సంగతి చిన్నది కాదు. చేసే కసరత్తుకి తగిన తిండి లేకపోతే ఆడపిల్లల్లో ముందు ఆగేది అదే. ఎముకల బలం మీద, నిద్ర మీద, మనసు మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ‘రెడ్-ఎస్’ అని పేరే పెట్టింది. మీ పాప తన బరువు కేటగిరీ కోసం ఎన్ని కిలోలు తగ్గిందో కనుక్కోండి. లిఫ్టర్లకు పోటీకి రెండు గంటల ముందు బరువు తూస్తారు. అందులో నెగ్గడం కోసం ముందురోజు నుంచి నీళ్లు మానేసి, స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని పరిగెత్తే పిల్లలు నాకు తెలుసు. పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ కుస్తీ ఫైనల్ ముందు వంద గ్రాములు ఎక్కువ తూగి ఆగిపోయింది గుర్తుందా? రాత్రంతా చెమటోడ్చినా ఆ వంద గ్రాములు దిగలేదు. మీ పాప ఆ మూడు లిఫ్టులూ ఎంత నీరసంతో చేసిందో మనకు తెలీదు.

డాక్టర్‌కి ఒక విషయం మర్చిపోకుండా చెప్పండి: పాప క్రీడాకారిణి, డోప్ టెస్టుకి పిలవొచ్చు అని. డిప్రెషన్‌కి మామూలుగా రాసే మందులు నిషేధ జాబితాలో లేవు, భయపడక్కర్లేదు. కానీ ఏకాగ్రత కోసం ఇచ్చే కొన్ని మందులు ఆ జాబితాలో ఉన్నాయి. డోప్ టెస్టులు చేసే జాతీయ సంస్థ నాడా వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకోవచ్చు. ఎవరో బలానికి మంచిదని ఇచ్చిన పొడులు మాత్రం, ఆయుర్వేదమన్నా సరే, పెట్టకండి.

ఇప్పుడు ఆ రోజు సంగతి. మీరు ఫోన్‌లో చూసి ఉంటారు. మనకి కనపడేది పది సెకన్లు. పేరు పిలిచాక ఒక్క నిమిషం గడియారం నడుస్తుంది, వరసగా తన లిఫ్టే అయితే రెండు. ఆ లోపు రాడ్ నేల మీంచి లేవాలి. మొదటిది పోయింది. వేరే అమ్మాయిలు ముందే ముగించి ఉంటే రెండో ప్రయత్నానికి మళ్లీ తననే పిలుస్తారు, ఊపిరి కూడా సర్దుకోదు. రెండోదీ పోతే, మూడోదానికి నడిచి వచ్చే పిల్ల ఎత్తబోయేది రాడ్‌నొక్కదాన్నే కాదు. అదీ పోతే టోటలే, అంటే రెండు లిఫ్టులూ కలిపిన లెక్కే ఉండదు. స్నాచ్‌లో ఎత్తిన కిలోలన్నీ ఉన్నా టోటల్ పట్టికలో ర్యాంకు ఉండదు. ఐదేళ్ల కష్టం ఒక సాయంత్రం లెక్కలోకే రాకుండా పోయిందన్నమాట.

ఆ సమయంలో పక్కన ఎవరున్నారు? ఇక్కడ నేర్పిన సార్ ఉండరు, టీమ్ కోచ్ ఉంటారు. ఆయన మంచివారే కావచ్చు, కానీ మాట హిందీ. మన పిల్లలు పాటియాలా నుంచి వచ్చాక నాతో ఎక్కువగా చెప్పేది బరువుల గురించి కాదు. ‘మేడమ్, అక్కడ నాకు జోకులు అర్థమయ్యేవి కాదు’ అంది ఒకమ్మాయి. ఇంకొకబ్బాయి ఆరు వారాలు చపాతీలు తిని, రైల్లో నెల్లూరు స్టేషన్ రాగానే అన్నం పొట్లం కొనుక్కుని ఏడ్చాడట. నడుం పట్టేసిందని హిందీలో చెప్పగలరు. ‘నాకు భయంగా ఉంది’ అని పరాయి భాషలో చెప్పడం పదిహేడేళ్ల పిల్లకి చేతకాదు.

సిమోన్ బైల్స్ సంగతి మీరు విని ఉండరేమో. అమెరికా జిమ్నాస్ట్, రియోలో నాలుగు బంగారు పతకాలు గెలిచిన మనిషి. 2021లో టోక్యోలో ఒక వాల్ట్ చేశాక, గాల్లో తిరిగేటప్పుడు తను ఎక్కడుందో తనకే తెలియడం లేదని టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. ప్రపంచమంతా చూస్తుండగా ‘నా వల్ల కాదు’ అంది. తిట్టినవాళ్లు తిట్టారు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో మూడు బంగారు పతకాలు తీసుకుంది. పతకాల కోసం చెప్పడం లేదు. ఆ మాట అంటే వినేవాళ్లు, పట్టుకునేవాళ్లు ఆమె చుట్టూ ఉన్నారు. మీ పాపకి ఆ రోజు లేరు, మనం ఇంట్లో ఉండాలి.

ఓడింది కాబట్టే ఇలా అయిందని కూడా అనుకోకండి. మనదేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా, 2008లో బీజింగ్‌లో గెలిచిన తర్వాత లోపలంతా ఖాళీ అయిపోయి కుంగిపోయానని తనే బహిరంగంగా చెప్పాడు. ఇరవైమూడు ఒలింపిక్ స్వర్ణాలున్న ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌దీ అదే మాట. ఏళ్ల తరబడి ఒక్క రోజు కోసం బతికితే, ఆ రోజు వెళ్లిపోయాక ఏం చేయాలో మనసుకి తెలీదు. గెలిస్తే దండలు పడతాయి కాబట్టి బయటికి కనపడదు.

మీరాబాయి చాను కథ ఇప్పటికే పాపకి పదిమంది చెప్పి ఉంటారు. రియోలో 2016లో ఆమె కూడా క్లీన్ అండ్ జెర్క్‌లో మూడూ పోగొట్టుకుంది, మరుసటేడు ప్రపంచ ఛాంపియన్ అయింది, టోక్యోలో రజతం తెచ్చింది. నిజమే. కానీ ఇప్పుడు ఆ కథ చెప్పకండి. మనం ధైర్యం ఇస్తున్నామనుకుంటాం. పిల్లకి అది ‘నువ్వూ లేచి రజతం తేవాలి’ అని వినపడుతుంది, రాడ్‌కి ఇంకో రెండు ప్లేట్లు ఎక్కించినట్టు. నేనే ఈ తప్పు చేశాను. పదేళ్ల కిందట ఒక కబడ్డీ పిల్లవాడికి గంటసేపు ఇలాంటి కథలే చెప్పి, హుషారెక్కించానని సంబరపడ్డాను. వాడు తర్వాత నా దగ్గరికి రాలేదు. చాలా ఏళ్లకు కనపడి, ‘ఆ రోజు మీరు నా మాట ఒక్కటి కూడా వినలేదు మేడమ్’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి.

ఇక ఫ్లెక్సీ. మీ అత్తగారి మాట నేను కొట్టిపారేయను. ఆవిడ దిష్టి అంటున్నారు, నేను ఒత్తిడి అంటాను. ఇద్దరం వేలు చూపించేది ఆ ఫ్లెక్సీ వైపే. పాప పోటీకి వెళ్లేముందు కట్టి ఉంటారు, ఇద్దరు ముగ్గురు నాయకుల ఫొటోల మధ్య రాడ్ ఎత్తిన పాప బొమ్మ, కింద ‘మా ఊరి ముద్దుబిడ్డ’ అని. కాలేజీ బస్సు ఎక్కాలంటే దాని కిందే నిలబడాలి. పాప బయటికి ఎందుకు రావడం లేదో అక్కడికెళ్లి ఒకసారి నిలబడి చూడండి. కట్టినవాళ్లకి కబురుపెట్టి దింపించండి, గొడవ వద్దు, గాలికి చిరిగిందని చెప్పినా చాలు. మన ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో పళ్లు చూసి విభాగాలు పెడతారు. పాలపళ్ల గిత్తని సీనియర్ బండకి కడితే ఊరు ఊరంతా తిడుతుంది. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మనమే కడతాం.

వాళ్ల నాన్నతో నా మాటగా చెప్పండి: ‘ఉత్త చేతులతో వచ్చావు’ అన్న మాట వెనక్కి తీసుకోవడానికి పెద్ద ప్రసంగం అక్కర్లేదు. ‘ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది’ అని ఒక్క ముక్క చాలు. పాప జవాబివ్వకపోయినా ఆయన చెప్పేసి లేచిపోవాలి. ఖర్చు పెట్టిన డబ్బు గురించి కనీసం ఆరు నెలలు ఆ ఇంట్లో మాట రాకూడదు.

కోచ్ గారి దగ్గరికి మీ ఇద్దరూ వెళ్లండి, ఫోన్‌లో వద్దు. ఆయన తొందరలో ద్వేషం లేదు. నేషనల్స్‌లో పిల్లలు కనపడితేనే ఆయనకీ పేరు. కానీ డాక్టర్ సరే అనేదాకా పంపమని చెప్పండి. తిరిగి మొదలుపెట్టే రోజు వస్తే, అది పాప అడిగిన రోజు కావాలి. వట్టి రాడ్‌తో మొదలవ్వాలి, ఆడపిల్లల రాడ్ పదిహేను కిలోలే. నెలరోజులు ఎవరూ నోట్‌బుక్‌లో కిలోలు రాయకూడదు. దీనికి ఆయన ఒప్పుకోకపోతే, అప్పుడు కోచ్ గురించి ఆలోచిద్దాం.

హాస్టల్ మాత్రం ఇప్పుడు వద్దంటే వద్దు. వారానికో పరీక్ష, గోడ మీద ర్యాంకుల పట్టిక, ఆదివారం మాత్రమే ఫోన్. నిద్రపట్టని పిల్లని తీసుకెళ్లి ఇంకో పోటీ వేదిక ఎక్కించడమే అది. ఇంట్లో ఉండి ఇంటర్ గట్టెక్కితే చాలు, ఒకటో రెండో సబ్జెక్టులు పోతే సప్లిమెంటరీ ఉంది.

మీరు మనసులో పెట్టుకుని అడగని ప్రశ్న ఒకటుంది: ఆట మానేస్తే ఇన్నేళ్లూ వృథాయేనా అని. కాదు. నేషనల్స్ మెడల్ సర్టిఫికెట్లు, ఇండియా తరఫున వెళ్లిన కాగితాలు చెల్లకుండా పోవు. ఫెడరేషన్ నుంచి సరైన ఫారంలో, సంతకాలతో తెప్పించుకుని ఒక ఫైల్లో పెట్టండి, చాలామంది నష్టపోయేది ఇక్కడే. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 3 శాతం అయింది. రైల్వే, కేంద్ర పోలీసు బలగాలు విడిగా తీసుకుంటాయి. ఇంజినీరింగ్ అడ్మిషన్లలోనూ స్పోర్ట్స్ కేటగిరీ ఉంది. ఆట ఇష్టమై పోటీ ఇష్టం లేని పిల్లలకి వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీ ఉంది, డిగ్రీ అయ్యాక పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది. రాడ్ కింద భయం ఎలా ఉంటుందో తెలిసిన తెలుగు కోచ్ ఒకరు ఆ క్యాంపుల్లో ఉంటే ఎంత మేలో ఆలోచించండి. ఇవన్నీ పాపకి ఇప్పుడే చదివి వినిపించకండి, మీ గుండె కుదుటపడటానికి రాశాను.

ఆసుపత్రికి వాళ్ల నాన్ననీ తీసుకెళ్లండి. డాక్టర్‌ని ‘మళ్లీ ఎప్పుడు ఎత్తుతుంది?’ అని మాత్రం ఆయన అడగకూడదు, బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే మాట తీసుకోండి.

సాయంత్రం తమ్ముడితో స్కిప్పింగ్ ఆడుతుందని రాశారు. ఆడనివ్వండి. అటువైపు వెళ్తే వెళ్లండి, ఎన్ని చేసిందో లెక్కపెట్టకండి.