మందులకు లొంగని డిప్రెషన్: పరిశోధనలో చేరమంటున్నారు, చేరొచ్చా?

ప్రశ్న: మావారికి 42 ఏళ్లు. ఏనుమాముల మార్కెట్‌లో గుమస్తా. రెండేళ్లుగా డిప్రెషన్. రెండుసార్లు మందులు మార్చినా నిద్ర లేదు, ఎవరితోనూ మాట్లాడరు. హైదరాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో కొత్త మందుపై పరిశోధన జరుగుతోంది, చేరతారా అని అడిగారు. ‘మనిషి మీద ప్రయోగాలు చేస్తారు, వద్దు’ అంటోంది మా అత్తమ్మ. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, నర్సంపేట

జవాబు: మీ అత్తమ్మ మాటను కొట్టిపారేయలేం. అది ప్రయోగమే. మందు పనిచేస్తుందో లేదో ఇంకా తేలలేదు కాబట్టే పరిశోధన చేస్తున్నారు. అయితే ముందుగా తేల్చుకోవాల్సింది, మీవారిది నిజంగా మందులకు లొంగని డిప్రెషనేనా అన్నది. కనీసం రెండు మందులను, ఒక్కొక్కటీ సరిపడా డోసులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా గుణం కనిపించకపోతేనే సాధారణంగా ఆ మాట అంటాం. మత్తుగా ఉందని పది రోజులకే మానేస్తే ఆ మందు లెక్కలోకి రాదు. థైరాయిడ్ తక్కువైనా, బి12 లోపించినా, సాయంత్రం తాగే అలవాటున్నా (ఉత్తరంలో ఎవరూ రాయరు, ఎదురుగా అడిగితే చెబుతారు) మాత్రలు సరిగా పనిచేయవు. గతంలో కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతమైన హుషారుతో, ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెడుతూ తిరిగారా? అలాగైతే బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు మితిమీరిన హుషారు ఉండే జబ్బు) కావచ్చు, దానికి వైద్యమే వేరు. పాత చీటీలన్నీ పట్టుకుని వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్యులకు ఒకసారి చూపించండి. కరెంటు చికిత్స గురించి కూడా అడగండి. సినిమాల్లో చూపించినట్టు కాదు, ఇప్పుడు మత్తు ఇచ్చి చేస్తారు. తీవ్రమైన డిప్రెషన్‌లో అది బాగా పనిచేస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా ఫలితం లేకపోతే పరిశోధనలో చేరడం తప్పేమీ కాదు. కాకపోతే చాలా పరిశోధనల్లో ఎవరికి కొత్త మందు, ఎవరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీలా తేలుతుంది. డాక్టరుకూ తెలియకపోవచ్చు. అంగీకార పత్రం తెలుగులో అడిగి తీసుకుని, ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపిస్తారా, ఆపితే ఎలా తగ్గిస్తారు అన్నది తప్పక అడగండి, ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. నర్సంపేట నుంచి ఎన్నిసార్లు వెళ్లాలి, ఛార్జీలు ఎవరిస్తారు, పరిశోధన అయిపోయాక ఎవరు చూస్తారు? ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో చేరేవారి క్షేమం చూసే కమిటీ) అనుమతి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో (ఇలాంటి పరిశోధనలను నమోదు చేసే చోటు) ఇచ్చిన నంబరు చూపించమనండి. పరిశోధన మందుకు మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడితో ఆగిపోండి. కొత్త మందుల పరిశోధనలపై మన దేశంలో 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, పరిశోధన వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. తప్పుకున్నారని మామూలు వైద్యం ఆపకూడదు. సంతకం మాత్రం మీవారు తనకు అర్థమై, తన ఇష్టంతో పెట్టాలి. మీరూ, అత్తమ్మా బలవంతపెట్టొద్దు.

ఒక్క విషయంలో మాత్రం దేనికోసమూ ఆగొద్దు. ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాటలు వస్తుంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో, పొలం దగ్గర పురుగుల మందు డబ్బాలుంటే ఈరోజే తీయించేయండి. వెంటనే ఎంజీఎం ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో ఏ వేళైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.