వాచీల పెట్టె బీరువాలో, హారం తాకట్టులో

ప్రశ్న: సార్, నాకు 41 ఏళ్లు. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఖర్చులన్నీ పోను నెలకు సగటున రూ.1.3 లక్షలు మిగులుతుంది. వాచీలంటే ప్రాణం. నాన్నగారి హెచ్ఎంటీ జనతాతో మొదలై ఇప్పుడు ఆరు ఉన్నాయి. గత ఏడాది రూ.5.8 లక్షలకు ఒమేగా కొన్నాను, అందులో 4 లక్షలు పర్సనల్ లోన్. దైవభక్తి కూడా ఉంది. సంపాదనలో పదో వంతు స్వామికే. నెలకు 5 వేలు దేవుని కడపలో ఇస్తాను. వాచీ కొన్నప్పుడు మనసు ఒప్పక తిరుమల హుండీలో 50 వేలు వేశాను. ఒంటిమిట్ట కల్యాణానికి అన్నదానం చేస్తాను. ఈసారి డబ్బు సర్దుబాటు కాక 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. స్వామివారే కుబేరుడి దగ్గర అప్పు చేశారు కదా! ఇంత భక్తి ఉండి ఈ మోజేమిటని నా భార్య అంటోంది. వాచీలన్నీ అమ్మి దానం చేసేయాలా? లేక రోలెక్స్ కొని పెట్టుబడిగా ఉంచి, పెరిగాక ఎక్కువ దానం చేయాలా? చేతిలో క్యాష్ లేకపోయినా భయం లేదు, అవసరమైతే ఒక వాచీ తీసేస్తే సరి. జూన్‌లో పాలిష్ మిషన్ మోటారు కాలిపోతే మాత్రం భార్య హారం మీద లక్షన్నర తెచ్చాను. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. అమ్మకు 66. బ్యాంకులో 38 వేలు, ఇంటి ఖర్చు పిల్లల ఫీజులతో కలిపి నెలకు 55 వేలు. 3 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల పాత ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. వాచీల మోజు పాపమా కాదా అన్నది మీ గురువుగారిని అడగాల్సిన మాట. నన్ను ఆపింది వేరే. అవసరమైతే ఒక వాచీ తీసేస్తే సరి అని రాశారు. ఆ వెంటనే, మోటారు కాలిపోతే హారం తాకట్టు పెట్టానని రాశారు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి మీరే ఒకసారి చదవండి. అవసరం రానే వచ్చింది. ఆ రోజు వాచీల పెట్టె బీరువాలోంచి కదల్లేదు. మీ శ్రీమతి మెడలోని హారం వెళ్లింది.

మీది కాని ఉత్తరాల్లోనూ నాకు ఇదే కనిపిస్తుంది. కొందరు ప్లాటును చూపిస్తారు, కొందరు కారును, మీరు వాచీని. 'కావాలంటే అమ్ముకోవచ్చు' అన్న ధీమాతో చేతిలో నెల ఖర్చు కూడా ఉంచుకోరు. అమ్ముకోగలిగే వస్తువు ఉండటం వేరు, అర్ధరాత్రి చేతిలో డబ్బు ఉండటం వేరు.

కొన్నేళ్ల కిందట నా క్లయింట్ ఒకాయనకు రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. వాళ్ల బావమరిది ఫోన్ చేస్తే నేనూ ఆస్పత్రికి వెళ్లాను. అడ్మిషన్‌కు 2 లక్షలు కట్టమన్నారు. ఇంట్లో, జేబుల్లో ఉన్నదంతా కలిపితే 40 వేలు. స్ట్రెచర్ మీద ఉన్న మనిషి చేతికి నాలుగు లక్షల వాచీ ఉంది. ఈసీజీ కోసం నర్సు దాన్ని విప్పి బావమరిది చేతిలో పెట్టింది. అతను అలాగే కౌంటర్ దగ్గరికి వెళ్లి, 'ఇది ఉంచుకోండి, పొద్దున్నే డబ్బు తెస్తాను' అన్నాడు. కౌంటర్‌లో కుర్రాడు తల అడ్డంగా ఊపి రసీదు పుస్తకం వైపు చూశాడు. అతన్ని తప్పు పట్టలేం. చివరికి ఆయన భార్య గాజులు తీసిచ్చింది, తెలిసిన షరాబును నిద్ర లేపి డబ్బు తెచ్చాం. మనిషి బతికాడు. ఆ గాజులు మళ్లీ ఆమె చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

బంగారానికి కడపలో వీధికో కొట్టు ఉంది. మీ ఒమేగాకు ఎక్కడుంది? నమ్మకం లేకపోతే ఈ శనివారమే దాన్ని జేబులో వేసుకుని ఊళ్లో ఎవరినైనా ధర అడిగి చూడండి. హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో పట్టుకెళ్లాలి. పెట్టె ఉందా, వారంటీ కార్డు ఉందా, సర్వీసు ఎప్పుడు చేయించారు అని అడుగుతారు, వాచీ మీద గీతలు లెక్కపెడతారు. పాలిష్ మిషన్ల మధ్య నీళ్లలో, రాతి బురదలో తిరిగే మనిషి చేతి వాచీ మీద ఆ గీతలు తప్పవు. అన్నీ బాగున్నా వాళ్లు చెప్పే ధర మీరు కొన్న ధరకు దగ్గరగా ఉండటం అరుదు.

ఇక లెక్క చూద్దాం. పదో వంతు స్వామికి అన్నారు. మీరు రాసిన అంకెలే కూడితే అన్నదానానికి 2 లక్షలు, హుండీకి 50 వేలు, నెలనెలా ఇచ్చేది ఏడాదికి 60 వేలు, మొత్తం 3.1 లక్షలు. మీ ఏడాది ఆదాయం 15.6 లక్షలు. అంటే మీరు ఇచ్చింది పదో వంతు కాదు, ఐదో వంతు. దానికి ఒమేగా 5.8 లక్షలు, ఇంటి ఖర్చు 6.6 లక్షలు కలపండి. 15.5 లక్షలు అయింది. పన్ను ఇంకా కట్టలేదు, అప్పుల వడ్డీ ఇంకా కలపలేదు. మోటారు కాలితే హారం కాకుండా ఏం మిగిలింది?

ఒమేగా లోన్ వడ్డీ ఎంతో మీరు రాయలేదు. 15 శాతానికి మూడేళ్లనుకుంటే ఈఎంఐ 13,866 రూపాయలు, మూడేళ్లలో వడ్డీ దాదాపు 99 వేలు. వాచీ మీకు పడింది 5.8 లక్షలకు కాదు, 6.8 లక్షలకు. కొన్నందుకు మనసు ఒప్పక హుండీలో వేసిన 50 వేలు కూడా కలిపితే 7.3. ఈ అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. మోజు తీర్చుకుని, ఆ బరువు దించుకోవడానికి ముడుపు కడితే ఒక్క కొనుగోలుకు ఇంట్లోంచి రెండుసార్లు డబ్బు పోతుంది. రెండుసార్లూ పోయేది పిల్లలకు, అమ్మకు ఉండాల్సిన డబ్బే.

రెండు రూపాయల వడ్డీ మాట చదివితే నాకు నిజంగానే కోపం వచ్చింది. నూటికి నెలకు రెండంటే ఏడాదికి 24. రెండు లక్షలకు నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు. అన్నం తిన్నవాళ్లు ఆ పూటే చేతులు కడుక్కుని వెళ్లారు, మీరు మాత్రం ఇంకా వడ్డీ కడుతున్నారు. కుబేరుడి అప్పు సంగతి ఎత్తారు. స్వామివారి అప్పుకు వడ్డీ కాసులు మోసుకెళ్లడానికి కోట్లమంది కొండెక్కుతున్నారు. మీ ప్రోనోటు మీద సంతకం మీ ఒక్కరిదే. రేపు మీకేమైనా అయితే ఆ నోటు పట్టుకుని వచ్చేవాడు మీ శ్రీమతి ముందు నిలబడతాడు.

భాగవతంలో వామనుడి కథ మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఎనిమిదో స్కంధంలో శుక్రాచార్యుడు బలికి ఒక మాట చెబుతాడు. ఏ దానంతో బతుకుతెరువు చెడిపోతుందో ఆ దానాన్ని పెద్దలు మెచ్చరు. ధనాన్ని ధర్మానికి, కీర్తికి, మళ్లీ ధనం పెంచుకోవడానికి, సుఖానికి, తనవాళ్లకు అని ఐదు వాటాలు వేసుకోవాలి. బలి ఆ మాట వినలేదు కదా, అతన్నే కదా లోకం మెచ్చుకుంది అంటారేమో. బలి ఇచ్చింది తన సొంతం. పక్కవాడి దగ్గర వడ్డీకి తెచ్చి మూడడుగులు కొలిచివ్వలేదు. ఆ ఐదు వాటాల్లో సుఖానికీ చోటుంది, మీ వాచీ అందులోకి వస్తుంది. ధర్మానికీ చోటుంది. మీ ఇంట్లో ఖాళీగా ఉన్నది తనవాళ్ల వాటా.

అన్నీ అమ్మి దానం చేయమని నేను చెప్పను. జనతాను అసలు ముట్టుకోకండి. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన హెచ్ఎంటీ వాచీ మన నాన్నల తరం చేతికి గడియారం తొడిగింది. రోజూ పొద్దున కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకునే ఆ అలవాటు డబ్బుతో కొలిచేది కాదు. మిగతా ఐదింటిలో మీరు ఎక్కువగా పెట్టుకోని రెండు తీసి అమ్మండి. ఏవో మీకే తెలుసు. అవి రెండూ కలిపి మూడున్నర లక్షలు పెట్టి కొన్నవై, సగమే వచ్చినా లక్షా డెబ్బై ఐదు వేలు. మూడుచోట్ల ధర అడగండి, డబ్బు బ్యాంకు ఖాతాలోనే తీసుకోండి. ఆ డబ్బుకు ఈ నెల మిగులు 25 వేలు కలిపి రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చేయండి. తీర్చినట్టు రాయించుకుని ప్రోనోటు వెనక్కి తీసుకోవడం మరచిపోకండి. ఆ కాగితం వాళ్ల దగ్గరే వదిలేసి తర్వాత కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను చూశాను.

అప్పు తీరాక చూద్దాంలే అని బీమాను వాయిదా వేయకండి. ఈ వారమే మొదలుపెట్టండి. సొంత వ్యాపారం చేసే మనిషికి, ఇద్దరు పిల్లల తండ్రికి 10 లక్షల పాలసీ ఉంటే లేనట్టే. ఏడాదికి 15.6 లక్షలు తెచ్చే మీకు కనీసం 2 కోట్ల టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతే ఇంటివాళ్లకు సొమ్ము వచ్చే బీమా) ఉండాలి. దాన్ని వివాహిత మహిళల ఆస్తి చట్టం, 1874 కింద తీసుకోండి. దరఖాస్తు సమయంలోనే ఆ ఫారం అడిగి నింపాలి. అప్పుడు ఆ సొమ్ము మీ శ్రీమతికి, పిల్లలకే చెందుతుంది, ఫ్యాక్టరీ అప్పులవాళ్లు దాని మీద చెయ్యి వేయలేరు. సొంత పేరుతో వ్యాపారం చేసేవాళ్లకు ఫ్యాక్టరీ అప్పు, ఇంటి అప్పు అని వేరువేరుగా ఉండవు, అన్నీ మీ నెత్తి మీదే. ఈ విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. మూడు లక్షల ఆరోగ్య పాలసీని 10 లక్షలకు పెంచండి. అమ్మగారికి విడిగా తీసుకోండి, బీపీ, షుగర్ ఏమున్నా దాచకుండా రాయండి. ప్రీమియం ఎక్కువని వెనకాడకండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

నెలవారీ లెక్క ఇలా వస్తుంది. 1.3 లక్షల్లో ఇంటికి 55 వేలు, ఈఎంఐకి 14, పన్నుకు 10 పక్కన పెట్టండి. బీమాలకు 8 అనుకుందాం. పదో వంతు అన్న మీ మాట ప్రకారం స్వామికి 13. మీ దానాన్ని నేను తగ్గించడం లేదు, మీరు చెప్పిన అంకె దగ్గరికే తెస్తున్నాను. ఇంకా 30 వేలు మిగులుతాయి. ఈ నెలది పోగా, వచ్చే నెల నుంచి అయిదారు నెలల్లో హారం ఇంటికి వస్తుంది.

హారం వచ్చిన మరుసటి నెల నుంచి ఆ 30 వేలు అత్యవసర నిధికి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు దాదాపు 70 వేలు, ఆరు నెలలకు 4.2 లక్షలు. ఫ్యాక్టరీకి కూడా విడిగా కావాలి. కరెంటు బిల్లు, కూలీలు కలిపి నెలకు 1.1 లక్షలైతే రెండు నెలలకు 2.2 లక్షలు. మొత్తం 6.4 లక్షలు. మోటారు, బ్లేడు, వర్షాలకు ఆగిపోయే ఆర్డరు అన్నీ దీంట్లోంచే. ఈ డబ్బు స్వీప్ ఖాతాలోనో (మిగులు దానంతటదే డిపాజిట్‌లోకి వెళ్లే బ్యాంకు ఖాతా) లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉండనివ్వండి, అంతకుమించి ఆలోచించనక్కర్లేదు. ఈ నిధి నిండే దాకా, అంటే రెండేళ్లకు పైగా, కొత్త వాచీ లేదు. కష్టంగానే ఉంటుందని తెలుసు.

రోలెక్స్ పెట్టుబడి గురించి ఒక్క మాట. ఆ కంపెనీ జెనీవాలోని ఒక ధర్మసంస్థ చేతిలో ఉంది, అంతమాత్రాన మీకు వచ్చే పుణ్యమేమీ లేదు. 2022 మొదట్లో కొన్ని మోడళ్ల సెకండ్ హ్యాండ్ ధరలు ఆకాశానికి వెళ్లి, ఆ తర్వాత దిగాయి. పైన కొన్నవాళ్లు ఇరుక్కున్నారు. 10 లక్షలు దాటిన వాచీ మీద 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడే మీ దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కూడా పడుతోంది. బిల్లు లేకుండా క్యాష్‌కు తగ్గిస్తానన్నవాడి దగ్గర అసలు కొనవద్దు. 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడమే చట్టవిరుద్ధం. ముచ్చటపడి కొనుక్కోండి, నిధి నిండాక, సొంత డబ్బుతో. పెట్టుబడి అని మాత్రం మీ శ్రీమతికి చెప్పకండి.

దానంలో ఒక చిన్న సంగతి. హుండీలో వేసినదానికి రసీదు ఉండదు. విరాళం మీద పన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టుకు బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోవాలి, 2 వేలు దాటిన నగదు లెక్కలోకి రాదు. అదీ మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే. ఎప్పుడైనా మీ మొక్కు వాచీ మీదకే వెళితే, దాన్ని అమ్మి డబ్బు ఇవ్వడం మంచిది. హుండీలో పడిన వాచీలను టీటీడీ ఈ-వేలంలో అమ్ముతుంది. పెట్టె, కార్డు లేని వాచీకి అక్కడ మీరు అనుకునే ధర పలకదు.

స్వామికి తీసిన 13 వేలల్లో 5 వేలు ఎప్పటిలాగే దేవుని కడపకు వెళ్లనివ్వండి. మిగతా 8 వేలకు ఈ రోజే ఒక ప్రత్యేక ఖాతా తెరవండి. ఒంటిమిట్ట కల్యాణానికి ఇంకా ఏడు నెలలుంది. 56 వేలు అవుతుంది. ఈసారి ఆ 56 వేలకు ఎన్ని విస్తళ్లు వస్తే అన్నే వేయండి.