పెట్రోలు, ఈఎంఐ పోను కారుకు ఏడాదికి ఇంకేం ఖర్చవుతుంది?

మీ ప్రశ్న ఇదీ: రోజుకు రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు తిరగడానికి కొత్త కారు కొనాలని ఉంది, ఈఎంఐ కట్టగలను, పెట్రోలు పోయించుకోగలను, ఇవి కాక ఏడాదికి ఇంకేమైనా ఖర్చు ఉంటుందా అని. ఉంటుంది. అసలు పెద్ద ఖర్చు ఆ రెండిటిలోనూ లేదు.

నా మొదటి కారును ఆరేళ్ళు వాడాను. కొన్నరోజే గ్లవ్ బాక్సులో చిన్న నోట్‌బుక్ ఒకటి పడేసి, కారు మీద పెట్టిన ప్రతి ఖర్చూ అందులో రాసేవాణ్ణి. పెట్రోలు పోయించిన చేత్తోనే రాయడం వల్ల సగం పేజీలకు జిడ్డు మరకలు. ఇంట్లోవాళ్ళు ఆ పుస్తకాన్ని చూసి నవ్వేవాళ్ళు. కారు అమ్మేసిన రాత్రి కూర్చుని కూడితే తెలిసింది, అన్నిటికంటే పెద్ద ఖర్చుకు అందులో ఒక్క లైనూ లేదని.

డబ్బు లెక్క ఎందుకు, కారు కొన్న ధరను 100 అనుకుందాం. ఆరేళ్ళ తర్వాత అమ్మితే 42 వచ్చింది. అంటే 58 హరించుకుపోయింది, దీన్నే తరుగు అంటారు. అదే ఆరేళ్ళలో 53,600 కిలోమీటర్లు తిరగడానికి పోయించిన పెట్రోలు 45. బంకులో వారానికోసారి జేబులోంచి తీసి ఇస్తాం కాబట్టి ఆ నొప్పి తెలుస్తుంది. తరుగుకు బిల్లు రాదు, ఎవరూ వచ్చి అడగరు. కారు నీడలో నిలబడి ఉండగానే పోతూ ఉంటుంది.

మిగతావి: అప్పు మీద వడ్డీ 14, ఇన్సూరెన్స్ 15, సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ, రిపేర్లు కలిపి 17, పన్నులు, పార్కింగు వగైరా 10. మొత్తం 159. ఏడాదికి చూస్తే కారు ధరలో నాలుగో వంతు పైమాటే. అందులో పెట్రోలు మూడో వంతు కూడా కాదు. పెట్రోలు ధరను బట్టి, పన్నులను బట్టి మీ అంకెలు మారతాయి కానీ వరస పెద్దగా మారదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఈఎంఐ మొత్తాన్నీ ఖర్చులో రాసి, తరుగును మళ్ళీ వేరే రాస్తారు. ఈఎంఐలో అసలు భాగం కారు ధరే కదా, అది తరుగు రూపంలో ఒకసారి లెక్కకు వచ్చేసింది. వడ్డీని మాత్రమే రాయండి. అప్పు లేకుండా సొంత డబ్బుతో కొన్నా, ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ పోయినట్టే.

తరుగు ఏటా ఒకేలా ఉండదు. కొత్త కారు మొదటి ఏడాదిలోనే మామూలుగా 15 నుంచి 20 శాతం దాకా విలువ కోల్పోతుంది, ఆ తర్వాత వేగం తగ్గుతుంది. అందుకే రెండుమూడేళ్ళకోసారి కారు మార్చేవాళ్ళు ఎప్పుడూ ఆ ఖరీదైన ఏళ్ళకే డబ్బు కడుతుంటారు. ఇది తెలిశాక నా రెండో కారును సెకండ్ హ్యాండ్‌లో, మంచి కండిషన్‌లో ఉన్నది చూసి కొన్నాను. అమ్మేవాడు టైర్లు చూపించి "ఇంకా గీతలు చూడండి, కొత్తవే" అన్నాడు. గీతలు లోతుగానే ఉన్నాయి. కిందికి వంగి టైరు పక్క గోడ మీద కోలగా ఉండే గడిలోని నాలుగు అంకెలు చూశాను. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఉదాహరణకు 2316 అంటే 2016లో 23వ వారం. ఆ లెక్కన ఆ టైర్లకు ఏడేళ్ళు నిండాయి, అంచుల్లో సన్నటి పగుళ్ళు కూడా మొదలయ్యాయి. నాలుగు టైర్ల ఖరీదు ధరలోంచి తగ్గించాకే తీసుకున్నాను. పాత కారుకు రిపేర్లు ఎక్కువే అవుతాయి, ఆ మాట దాచను. అయినా తరుగులో మిగిలినదాంట్లో అవి సగం కూడా తినలేదు.

"తక్కువ తిరుగుతాను కాబట్టి తక్కువ ఖర్చు" అని మీరు రాశారు. సగమే నిజం. నేను ఏటా దాదాపు 10,000 కిలోమీటర్లు తిరిగేవాణ్ణి. నాలుగో ఏడాది ఇంటి నుంచే పని, 3,600 దాటలేదు. పెట్రోలు బాగా తగ్గింది. మొత్తం ఖర్చు మాత్రం ఐదో వంతే తగ్గింది, కిలోమీటరుకు అయ్యే ఖర్చు చూస్తే రెట్టింపు దాటింది. పైగా మూడు వారాలు కదపకుండా వదిలేసి ఒక తెల్లవారుజామున తాళం తిప్పితే, టిక్ టిక్ మని చప్పుడే తప్ప ఇంజిన్ లేవలేదు. ఆగి ఉన్న కారు కూడా అలారం, గడియారం లాంటివాటికి కరెంటు తాగుతూనే ఉంటుంది. బ్యాటరీ ఎలాగూ మూడు నుంచి ఐదేళ్ళే వస్తుంది, నాది అప్పుడే పోయింది.

మీలా ఆరు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే ప్రయాణం అయిపోతుంది. చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోయేంత వేడి రాదు. నా కారు సగటున లీటరుకు 15 ఇచ్చేది, దగ్గర తిరుగుళ్ళకు 11 మించేది కాదు. కంపెనీ చెప్పిన మైలేజీతో లెక్క వేసుకోకండి. ట్యాంకు నిండా పోయించి ట్రిప్ మీటరు సున్నా చేయండి, మళ్ళీ నిండా పోయించినప్పుడు మీటరు చూపించే కిలోమీటర్లను, ఎన్ని లీటర్లు పట్టిందో దాంతో భాగించండి. మూడు ట్యాంకులు ఇలా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

సర్వీసింగు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడిన పని నేనే చేశాను. బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటుంటే దుమ్మేలే అని రెండు నెలలు ఊరుకున్నాను. బ్రేకు ప్యాడు అరిగిందని హెచ్చరించడానికి పెట్టిన చిన్న రేకు చేసే చప్పుడట అది. ప్యాడ్లతో పోయేది, డిస్కులు కూడా గీసుకుపోయి మార్చాల్సి వచ్చింది. మీరు ఏటా నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగినా ఇంజిన్ ఆయిల్ ఏడాదికోసారి మార్చాల్సిందే. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి దాన్నీ మార్పించండి. నోట్‌బుక్ పెడితే మొదటి పేజీలోనే కొన్న ధర రాసి, ఏడాదికోసారి అలాంటి కారు ఎంతకు అమ్ముడుపోతోందో దాని కింద రాసుకోండి. నేను రాయనిది అదే.