ఆ పంచదార మాత్ర దగ్గర ఇంకాసేపు ఆగు

తమ్ముడూ,

చైనాలో పోలియో మందు తయారుచేసిన సైంటిస్ట్ గు ఫాంగ్‌జౌ మీద నువ్వు రాసింది రాత్రి రెండుసార్లు చదివా. బాగా కష్టపడ్డావ్, అది తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే మహనీయుడు, త్యాగమూర్తి అనేశావ్, ఆయనేం చేశాడో ఇంకా చెప్పకుండానే దండం పెట్టమంటే ఎలా పెడతారు చెప్పు.

1955 నుంచి మొదలెట్టు. జియాంగ్సు ప్రావిన్స్ నాన్‌టాంగ్‌లో పోలియో వచ్చి 1,680 మందికి కాళ్ళూ చేతులూ పడిపోయాయ్, ఎక్కువమంది చిన్నపిల్లలే. తర్వాత 1959లో పోలియో టీకా గురించి తెలుసుకోడానికి మాస్కో వెళ్ళాడు కదా, అక్కడ ఆయన ముందు రెండు దారులున్నాయ్, చంపిన వైరస్‌తో చేసిన ఇంజెక్షన్ సేఫే గానీ ఖరీదు, పైగా పదే పదే పొడవాలి, బలం తగ్గించిన బతికున్న వైరస్ అయితే నోట్లో వేస్తే చాలు, చవక, పేగుల్లోనే అడ్డుకుంటుంది, కానీ అది మళ్ళీ బలం పుంజుకుంటే? ఆ భయాన్ని నువ్వు ఒక్క లైన్లో దాటేశావ్. నాకైతే కథంతా అక్కడే ఉంది.

కొడుకు సంగతి కూడా అంతే. బతికున్న వైరస్ దారే ఎంచుకుని, ఆ మందు ముందు తనే తాగాడు, కానీ పెద్దవాళ్ళకి చాలామందికి అప్పటికే ఇమ్యూనిటీ ఉంటుంది కాబట్టి దాంతో పెద్దగా తేలేదేం లేదు, పసిపిల్లలకే వేసి చూడాలి, అందుకే నెల వయసు కొడుక్కి వేశాడు. ‘కన్నకొడుకుని పణంగా పెట్టాడు’ అనే మాట తీసెయ్. భార్యాభర్తల డైలాగులు అస్సలు కల్పించకు. ఆ ఎదురుచూసిన రోజుల్ని ఒక్కొక్కటీ గడవనివ్వు చాలు.

ఇక మాత్ర. చుక్కల మందుని చల్లగా ఉంచాలి, పల్లెల్లో ఫ్రిజ్ ఎక్కడిది, సీసా మూత తీస్తే మిగిలింది వేస్ట్. చైనా నాటువైద్యులు మాత్రలు చుట్టే పద్ధతి చూసి 1962లో పంచదార మాత్ర చేశారు, థర్మాస్ ఫ్లాస్కుల్లో పెట్టి ఊళ్ళకి మోశారు, వేడినీళ్ళతో వేస్తే లోపలి వైరస్ చచ్చిపోతుందని తల్లులకి చెప్పాల్సొచ్చింది. ఇదంతా రాయి, ఎంత పొడుగైనా పర్లేదు. మన పల్స్ పోలియో చుక్కలు కూడా అమెరికా సైంటిస్ట్ సేబిన్ బలం తగ్గించిన ఆ వైరస్‌ల నుంచి వచ్చినవే, నిన్ను ఎత్తుకుని బూత్‌కెళ్ళిన ఆదివారాల గురించి రాసేముందు ఓసారి మీ అమ్మనడుగు.

అవార్డులకి రెండు లైన్లు చాలు. 2000లో చైనాలో పోలియో పోయిందన్న పత్రం మీద 74 ఏళ్ళ వయసులో సంతకం పెట్టాడు చూడు, అక్కడ ఆపెయ్. మార్చి పంపు, వచ్చిన రోజే చదువుతా.

అన్నయ్య